చలికాలమున సముద్రతీరవాసము

 

నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము చలి. దానిని గూర్చి మాకు క్రొత్తగా చెప్పవలసిన దేమున్నదని మీరనవచ్చును. నిజమే. మార్గశిరము ప్రవేశించినది మొదలు మాఘము వెళ్ళువఱకు మన వికారాబాదు, తాండూరు ప్రాంతములలో నలుగురు వృద్ధులు కలిసినచోట వేఱు ప్రసంగము లేదు. రాత్రి నిద్ర పట్టెనా యని యొకరు, మోకాళ్ళ సంగతి యేమని యొకరు పరామర్శించుకొందురు. నేనును ఆ నలుగురిలో నొకడను. నా వయస్సు డెబ్బదిమూడు. తాండూరు నా స్వస్థలము; నా భార్య పుట్టినిల్లు వికారాబాదు. ముప్పది యేండ్లకు పైగా బడిలో భూగోళశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. చలికి వెఱచి నేను సముద్రములు దాటి పోయి, మరల మా యింటి యరుగుమీదికే వచ్చి కూర్చుంటిని. ఆ ప్రయాణమందు నేర్చుకొన్న నాలుగు మాటలు మీకు నివేదించుటయే నా యుద్దేశము.

ముందుగా మన చలి యెట్టిదో చెప్పెదను. వికారాబాదు సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. ఆ ప్రక్కనున్న అనంతగిరి కొండలలోనే మూసీనది పుట్టుచున్నది. ఆ కొండగాలి ఆరోగ్యకరమని తలచి నిజాము కాలమున క్షయరోగులకు అచ్చట చికిత్సాలయము నెలకొల్పిరి. పగలు ఆ మాట యథార్థమే. కాని పుష్యమాసపు తెల్లవారుజామున అదే గాలి ముసలివాని ఱొమ్ములోనికి సూదివలె దిగును. కొన్ని సంవత్సరములు రాత్రివేళ 10 డిగ్రీలకును లోబడుట కలదు. ఇక మా తాండూరు సంగతి వినుడు. అచ్చట నేల అంతయు నాపబండ. వేసవిలో ఆ బండపై చాప పఱచుకొని పండుకొన్నవాని సుఖము రాజునకు లేదు. చలికాలమున రాత్రి లేచి ఆ బండపై పాదము మోపితిమా, చలి అరికాలినుండి నడుమువఱకు ఎక్కును.

వయస్సు మీఱినవారికి చలి యేల హాని చేయునో వైద్యులు చెప్పుచున్నారు. చలి తగిలినంతనే చర్మమందలి రక్తనాళములు ముడుచుకొనును. నెత్తురు ఇఱుకుదారిన పాఱవలసి వచ్చుటచే రక్తపుపోటు హెచ్చును. గుండె అధికముగా శ్రమపడును. గుండెపోటును, పక్షవాతమును చలికాలమునందే అధికముగా వచ్చుటకు ఇది యొక ముఖ్యకారణము. ఉబ్బసము గలవారికి చలిగాలి పీల్చగనే ఊపిరిగొట్టములు బిగిసికొనును. మఱియొక చిక్కు కలదు. ముసలితనమున శరీరము చల్లబడుచున్నను ఆ సంగతి మనకు వెంటనే తెలియదు. పడుచువాడు వణకి దుప్పటి వెదకికొనును. ముసలివాడు ఊఱక పండుకొని యుండును.

చలిని తప్పించుకొనుటకు మనవారు చేయు పనులలో ఒకటి ప్రాణాంతకమైనది. 2022వ సంవత్సరము డిసెంబరులో మా వీథియందు వృద్ధ దంపతులు బొగ్గుల కుంపటి గదిలో నుంచుకొని, చలి రాకుండ తలుపులును కిటికీలును బిగించి, సందులకు గుడ్డలు కుక్కి నిద్రించిరి. తెల్లవాఱి ఎంత పిలిచినను పలుకరైరి. మనుమడు తలుపు విఱుగగొట్టి లోనికి పోయెను. పెద్దాయన బ్రతికెను. ఆయన యిల్లాలు బ్రతుకలేదు. కుంపటిలో బొగ్గు కాలునపుడు ఒక విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో నున్నవానికి అది తన గదిలో చేరినదని తెలియదు. ఆ యిల్లాలును నా భార్యయు నలువది యేండ్లుగా నిత్యము కలిసి కూర్చుండువారు. నా భార్యకు ఉబ్బసము. మా గదిలోను ఆ రాత్రి కుంపటి యుండెను. మా కిటికీ రెక్క సరిగా పడనందున మేము మిగిలితిమి. ఆ సంగతి తలచుకొన్నప్పుడెల్ల నాకిప్పటికిని ఒడలు జలదరించును.

ఈ వార్త కెనడా దేశమున మాంట్రియల్ నగరమందున్న మా పెద్దకుమారునికి చేరెను. "నాయినా, ఇగ మీరిద్దరు ఆడ ఒంటిగ ఉండొద్దు. వచ్చే చలికాలం నా కాడనే" అని పట్టుబట్టెను. ఇక్కడి చలికి వెఱచి మంచుదేశమునకు పోవుట వింతగా లేదా యని నే నడిగితిని. అచ్చటి యిండ్లు రాత్రింబవళ్ళు వెచ్చగా నుండునని వాడు చెప్పెను. 2023 నవంబరులో బయలుదేఱితిమి. నా భార్య తన పుట్టినింటినుండి వచ్చిన నల్ల గొంగడిని పెట్టెలో పెట్టుకొనెను. కొడుకింట కంబళ్ళు లేవా యని నేను పరిహసించితిని. ఆమె వినలేదు.

వాడు చెప్పినది అబద్ధము కాదు. ఇల్లు వెచ్చగానే యుండెను. కాని పెద్దలారా, ఆ వెచ్చదనములో ఒక లోపము కలదు. యంత్రము కాచిన గాలి మిక్కిలి పొడిగా నుండును. కిటికీ తెఱచుటకు వీలులేదు. బయట సున్నకు దిగువ 15 డిగ్రీలు. డిసెంబరులో అచ్చట సాయంకాలము నాలుగు గంటలు దాటగనే సూర్యుడస్తమించును. తూర్పున ఉదయించి దక్షిణపు మూలగా వంగి నడచి, కనబడీ కనబడక దిగిపోవును. కొడుకును కోడలును ప్రొద్దుననే ఉద్యోగములకు, మనుమలు బడికిని పోవుదురు. మే మిద్దఱమును అద్దపు కిటికీవద్ద కూర్చుండి తెల్లని మంచును జూచుచుండెడివారము. మూడువారములు గడచునప్పటికి నా భార్యకు ఆయాసము తగ్గుటకు మాఱుగా హెచ్చెను. పొడిగాలికి గొంతు ఎండి దగ్గు ముదిరెను. అన్నిటికంటె ఆమె మాటలాడుట మానివేయుట నన్ను భయపెట్టెను. ఒకనాడు మధ్యాహ్నము మూడు గంటలకే దీపములు వెలిగించుట చూచి, "గిదేం దేశమయ్యా, పొద్దు గూడ పైసలు లెక్కవెట్టి ఇస్తరు" అనెను. వారము దినములలో ఆమె నోటినుండి వచ్చిన మొదటి మాట అదియే.

వైద్యుడు చూచి మందు మార్చెను. ఆరుబయట కొంత నడచుట అవసరమనియు, ఈ చలిలో మాత్రము వలదనియు చెప్పెను. అప్పుడు మా వాడొక యోచన చేసెను. మాంట్రియల్‌వాసులు చలికాలమున వారము పది దినములు దక్షిణమందలి కరీబియన్ దీవులకు పోయి సముద్రపుటొడ్డున ఎండ కాగి వచ్చుట పరిపాటియట. విమానమున సుమారు అయిదు గంటల ప్రయాణము. క్రిస్మసు సెలవులలో తానును మమ్ము గ్వాదెలూప్ అను దీవికి తీసికొని పోయెదననెను. నేను ససేమిరా యంటిని. వారము దినముల యెండకు అంత ధనము వెచ్చించుట యేమి? మా తాండూరులో ఎండకు వెల లేదు. డెబ్బదియేండ్ల వయస్సున సముద్రపుటొడ్డున పండుకొనుట నలుగురు విన్న నవ్వరా? నా భార్య అంతయు విని, "నేను సముద్రం సూడకనే పోవాల్నా ఏంది? పా పోదాం" అనెను. అంతటితో వాదము ముగిసెను.

గ్వాదెలూప్ ఫ్రెంచివారి ఏలుబడిలోని దీవి. 1946వ సంవత్సరమునుండి ఫ్రాన్సు దేశములో ఒక జిల్లావలె పరిగణింపబడుచున్నది. విమానము దిగి బయటికి రాగానే తడిగాలి ముఖమునకు తగిలెను. నా భార్య మెట్లమీదనే ఆగి, కన్నులు మూసికొని, దీర్ఘముగా గాలి పీల్చెను. ఆమె అంత నిండుగా ఊపిరి తీసి నెలకు పైబడినది. మఱునాడుదయము సెంట్ ఆన్ అను గ్రామమున సముద్రతీరమునకు పోతిమి. ఇసుక తెల్లగా పిండివలె నుండెను. నీరు ఒడ్డున లేతాకుపచ్చ. దూరమున ముదురు నీలము. తీరమున కొబ్బరిచెట్లు, ఆవల చింతచెట్లు, మామిడిచెట్లు. చింతచెట్టును చూచి ఆమె నవ్వెను. తెల్లవారందఱును చిన్నచిన్న గుడ్డలు కట్టుకొని యెండలో పడియుండగా, మేము మాత్రము ఇసుకపై నల్ల గొంగడి పఱచుకొని, ఆమె ఏడుగజాల చీరతోను నేను ధోవతితోను కూర్చుంటిమి. మమ్ము చూచి నవ్వినవారెవ్వరును లేరు. ఒక ముదుసలి తెల్లదొరసాని గొంగడిని చేతితో తడవి చూచి, ఇది యే జంతువు ఉన్ని యని మా వానిని అడిగెను.

మొదటి దినము నీటి యంచున పాదములు తడుపుకొంటిమి. రెండవదినము మోకాటిలోతువఱకు పోతిమి. ఆ నీరు డిసెంబరులోను 27 డిగ్రీలు. మా బావినీటికంటె వెచ్చన. మూడవదినమునకు ఆమె తీరము వెంబడి అరమైలు నడచి, నిలువకుండ తిరిగివచ్చెను. ఉబ్బసము నయమైనదని నే ననను. అది పోవు రోగము కాదు. మందు నేటికిని వాడుచునే యున్నది. కాని రాత్రులు పండుకొని నిద్రించెను. కూర్చుండి తెల్లవార్చుట మానెను.

అధ్యాపకుని స్వభావము పోదు గదా! అచ్చట కూర్చుండి భూగోళపటమును మనస్సున తిప్పుకొనుచుంటిని. మన వికారాబాదు, తాండూరు భూమధ్యరేఖకు ఉత్తరమున 17 డిగ్రీలకు కొంచెము పైన నున్నవి. గ్వాదెలూప్ 16 డిగ్రీలకు పైన. దాని కుత్తరమున నున్న ఆంటిగ్వా దీవి సరిగా 17 డిగ్రీలమీద. అనగా మన నెత్తిమీద నడచిన సూర్యుడే యించుమించు అదే వాలున తొమ్మిదిన్నర గంటల తరువాత ఆ దీవులమీద నడచుచున్నాడు. పగటి వేడిమి చూడుడు. డిసెంబరు మధ్యాహ్నమున అచ్చట 28, 29 డిగ్రీలు. మన తాండూరులోను అంతే. అన్ని వేల రూపాయలు పోసి కొన్న యెండ మన పెరటిలో ఉచితముగా కాయుచున్న యెండయే! ఈ సంగతి నా భార్యతో చెప్పగా, "ముప్పయేండ్లు బడిల చెప్పినవు, గిది ముందుగాల నాకు చెప్పకపోతివి" అనెను.

మఱి భేదమెక్కడ? రాత్రియందు. అచ్చట రాత్రి 21, 22 డిగ్రీలకంటె తగ్గదు. మనకు పగటికిని రాత్రికిని పదునైదు డిగ్రీలవఱకు తేడా రావచ్చును. కారణము సముద్రము. నీరు మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారును. పగలంతయు గ్రహించిన వేడిమిని రాత్రి కొంచెము కొంచెముగా విడుచును. మన పీఠభూమిపై చలికాలమున ఆకాశము నిర్మలము, గాలి పొడి. ప్రొద్దు క్రుంకగనే నేల తన వేడిమి నంతయు ఆకాశమున కిచ్చివేయును. దీవికి సముద్రమొక పెద్ద గొంగడివంటిది. మన నేలకు కప్పుకొన గొంగడి లేదు.

ఇంకొక వింత విన్నవించెదను. ఆ దీవి పటమున రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె కనబడును. నిజమునకు అవి రెండు దీవులు. నడుమ సన్నని ఉప్పునీటి పాయ. పడమటి రెక్క బాస్ తేర్. అది అగ్నిపర్వతము కక్కిన రాతితో ఏర్పడినది. అందలి సూఫ్రియేర్ పర్వతము 1467 మీటర్ల ఎత్తు. 1976లోను పొగలు గ్రక్కి జనులను ఇండ్లు విడిచి పోవునట్లు చేసినది. తూర్పు రెక్క గ్రాండ్ తేర్. అది పల్లము, సముద్రజీవుల గుల్లలు పేరుకొని ఏర్పడిన సున్నపుఱాయి. ఇది వినగనే నాకు మన నేల జ్ఞాపకము వచ్చెను. వికారాబాదు కొండలు పూర్వము భూమి పగిలి పాఱిన లావాతో ఏర్పడినవి. దానికి ఆఱుకోట్ల యేండ్లకు పైబడినది. తాండూరు నాపఱాయి సున్నపుఱాయి. కోట్లాది సంవత్సరములకు పూర్వము, భూమిపై జంతువులింకను నడయాడని కాలమున, సముద్రగర్భమందు బురద పొరలు పొరలుగా దిగి గట్టిపడినది. మనము గుమ్మము ముందు పఱచుకొను బండ ఒకనాటి సముద్రపు అడుగు. మా పుట్టినిల్లొక రెక్క, మీ యిల్లొక రెక్క యని నా భార్య చమత్కరించెను. సముద్రము మనలను విడిచిపోయిన తరువాతనే మనకు చలిరాత్రులు వచ్చినవని నేనంటిని.

ఇంతవఱకు విలాసపు కథ. ఇక చెప్పబోవునది వేఱు. డిసెంబరు 24వ తేదీన మా వాడు మమ్ము కాపెస్తేర్ అను ఊరివైపు తీసికొనిపోయెను. అచ్చట షాంజీ అనుచోట బాట ప్రక్కను హిందూ దేవాలయ మొకటి కలదు. గోపురమును, రంగులు వేసిన దేవతా విగ్రహములును జూచి మేము నివ్వెఱపడితిమి. నీడన ఒక వృద్ధుడు కూర్చుండి యుండెను. రూపము మన యూరివానిదే. నా భార్య చనువుగా, "అన్నా, బాగున్నవా?" అని పలుకరించెను. ఆయన చిఱునవ్వు నవ్వి ఫ్రెంచి భాషలో ఏదో యనెను. ఆయనకు తెలుగు లేదు, తమిళము లేదు. మా వాడు దుబాసియై ఇరువుర మాటలును తెలిపెను.

ఆ వృద్ధుడు చెప్పిన చరిత్ర యిది. 1848లో ఫ్రెంచివారు ఆ దీవులలో బానిసత్వమును రద్దుచేసిరి. చెఱకు తోటలకు కూలీలు కావలసివచ్చిరి. 1854వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన, సరిగా మేము అచ్చట నిలిచిన తేదీననే, ఒరేలీ అను నౌక మొదటి భారతీయ కూలీలను ఆ దీవికి చేర్చెను. 1889వఱకు సుమారు 42,000 మంది అట్లు వచ్చిరి. పుదుచ్చేరి, కారైకాల్ మొదలగు రేవులలో ఓడలెక్కినవారిలో తమిళులే యధికులు. వారితో తెలుగువారును కలరు. అయిదేండ్ల ఒడంబడిక, గడువు తీరిన పిదప ఉచితముగా తిరిగి పంపుదుమని మాట. ఆఫ్రికా ఖండపు దక్షిణాగ్రమును చుట్టి సుమారు మూడుమాసములు ఓడలో ప్రయాణము. ఆ కొనవద్ద చలిగాలులు వీచును. ఉష్ణదేశపు రైతుకూలీ ఓడపై ఆ చలికి ఎట్లు వణకెనో మనము ఊహింపవచ్చును. తోటలలో రోగములకును శ్రమకును అనేకులు మడిసిరి. స్వదేశము మరల చూచినవారు నాలుగవవంతైనను కారు.

మిగిలినవారి సంతతివారే యిప్పుడచ్చట నున్న భారతీయులు. వారి పుట్టుపేర్లు క్రైస్తవ నామములు. తాతల నాటి రామసామి, ముత్తుసామి యనునవి ఇంటిపేర్లై నిలిచినవి. మన పులుసుకూరవంటి దానిని వారు కొలొంబో యందురు. తమిళుల కుళంబు శబ్దమే అట్లు మాఱినది. ఆ దీవి స్త్రీలు పండుగనాడు తలకు చుట్టు గళ్ళగుడ్డ పేరు మద్రాసు. ఫ్రాన్సు పౌరులుగా తమ హక్కులు తమకు కావలెనని హెన్రీ సిదాంబరోం అను వారిలోని పెద్ద 1904లో న్యాయస్థానమున కెక్కి, 1923వఱకు పోరాడి సాధించెను. సిదాంబరోం అనగా మన చిదంబరమే.

ఆ వృద్ధుడు మమ్ము ఏల వచ్చితిరని యడిగెను. చలికి తాళలేక వచ్చితిమని మా వాడు చెప్పెను. ఆయన కొంతసేపూరకుండి, "మా ముత్తాతలు ఆకలికి తాళలేక వచ్చిరి" అనెను. తరువాత చలి యెట్లుండునని యడిగెను. పుట్టినది మొద లాయన ఆ దీవి విడిచినవాడు కాడు. నా భార్య తన గొంగడిని ఆయన యొడిలో పెట్టి, మా దేశమున రాత్రివేళ దీనిని కప్పుకొందుమని చేసైగతో చూపెను. ఆయన ఆ ముదుక ఉన్నిని చాలసేపు నిమురుచు కూర్చుండెను. తిరిగి ఇయ్యబోగా ఆమె పుచ్చుకొనలేదు. ఆ యెండలో ఆయనకు గొంగడితో పనిలేదని నాకును తెలియును, ఆమెకును తెలియును.

ఆ రాత్రి బసలో మా వాడు తన మనస్సు చెప్పెను. ఇకమీద మేము శాశ్వతముగా తనవద్దనే యుండవలెనట. ప్రతి చలికాలమున దీవులకు తీసికొని పోవునట. వాని ప్రేమయందు నాకు సందేహము లేదు. నేనేమియు బదులు చెప్పలేకపోతిని. నా భార్యయే చెప్పెను: "బిడ్డా, ఆ ముసలాయన పెద్దలకు మళ్ళిపోయే దారి లేకుండె. మాకున్నది. మా ఊర్ల గూడ ఎండ ఉన్నది. నీవే పిల్లలను తీస్కొని చలికాలం మా ఇంటికి రారాదు?" వాడు తలవంచుకొని, సెలవులు దొరకుట కష్టమనెను. అది నిజమే. ఫిబ్రవరిలో మేము తిరిగివచ్చితిమి. ఆ మఱుసటి డిసెంబరులో వాడు మనుమలతో వచ్చి మూడువారము లుండెను. మనుమలు కందిచేలలో తిరిగి, అనంతగిరి యడవిలో నడచి, అరుగుమీద ఎండలో పండుకొనిరి. చుట్టపుచూపుగా నైనను ఏటేట రమ్మని వానికి వ్రాయుచునే యున్నాము.

ఇక పెద్దలకు నా యనుభవమున తోచిన కొన్ని మాటలు.

దూరదేశములందలి బిడ్డలయొద్దకు పోవువారు మంచుదేశములకు వేసవిలోనే, అనగా మే నెలకును సెప్టెంబరునకును నడుమ పొండు. చలికాలమున అచ్చట గదిలో బందీలగుదురు. పురిటికో మఱియొక అవసరమునకో శీతకాలమున పోక తప్పనిచో, పొడిగాలికి విఱుగుడుగా గదిలో వెడల్పు పాత్రలో నీరుంచుకొనుడు. తఱచుగా నీరు త్రాగుడు. విమానమున గంటల తరబడి కదలక కూర్చున్న కాళ్ళలో నెత్తురు గడ్డకట్టవచ్చును. గంట గంటకు లేచి నాలుగడుగులు వేయుడు. వాడుకలో నున్న మందులు చేతిసంచిలో నుంచుకొనుడు, అడుగుపెట్టెలో వలదు.

సముద్రతీరవాసము చలికి మంచి యుపాయమే. వీలున్నవారు మన సముద్రమునకే పోవచ్చును. బందరు, బాపట్ల తీరములు మనకు ఒక రాత్రి రైలుప్రయాణములో నున్నవి. అచ్చటి రాత్రులు మన పీఠభూమి రాత్రులంత చల్లనివి కావు. కారణము ముందే చెప్పితిని. కాని ఎచ్చటనైనను ఉదయము ఎండయు, సాయంకాలపు ఎండయు మాత్రమే కాగుడు. నడిమధ్యాహ్నపు ఎండ ముసలి చర్మమును కాల్చును. అలలలోనికి ఒంటిగా దిగకుడు.

పోలేనివారికి ఇంటివద్దనే చేయదగిన పని కలదు. సముద్రము దీవికి చేయు మేలును మన గోడలచేత చేయించుకొనవలెను. చలికాలమున సూర్యుడు దక్షిణముగా వంగి నడచును. కావున ఇంటి దక్షిణపు గోడయు, పడమటి గోడయు పగలు చక్కగా వేడెక్కి రాత్రి ఆ వేడిమిని లోనికి విడుచును. మేము మంచమును ఉత్తరపు గదినుండి దక్షిణపు గదికి మార్చితిమి. పగలు కిటికీలు తెఱచి ఎండను లోనికి రానిచ్చి, ప్రొద్దు క్రుంకకముందే మూయుచున్నాము. నాపబండపై గోనెపట్టలు రెండు వరుసలు పఱచి, వానిపై చాప వేసితిమి. తలకును పాదములకును ఉన్ని తొడుగులు ధరించి పండుకొనుచున్నాము. తెల్లవారుజామున స్నానము మాని, ఎండ పొడచూపిన తరువాత గోరువెచ్చని నీటితో చేయుచున్నాము. మంచులో వ్యాహ్యాళికి పోవుట మాని, తొమ్మిది గంటలకు పోవుచున్నాము. నా భార్యకు ఈ మార్పులచే కలిగిన మేలు ఆ దీవిలో కలిగినదానికి మిక్కిలి తీసిపోలేదు.

కుంపటి మాట మఱవకుడు. నెగడు కాగవలెనన్న వాకిట కాగుడు. నిప్పుతో తలుపులు మూసి నిద్రించుట విషము త్రాగి నిద్రించుటయే. ఈ రాత్రి మీ వీథిలో ఒంటిగా నున్న వృద్ధులెవ్వరైన నున్న, వారి గది తలుపు తట్టి ఈ యొక్క మాట చెప్పి రండు. నా ప్రసంగమున మిగిలినదంతయు మఱచినను సరియే.

ఇప్పుడు మా యరుగుమీద ఉదయమున నా ప్రక్కను మఱియొక పెద్దాయన కూర్చుండుచున్నాడు. 2022లో తన యిల్లాలిని పోగొట్టుకొన్న యాయనయే. ఆయన కొడుకు హైదరాబాదులో నున్నాడు, ఆదివారములు వచ్చును. మే మిరువురమును ఎండ గోడ దిగువఱకు మాటలాడుకొందుము. నా భార్య జొన్నరొట్టె తెచ్చి యిచ్చును. ఆమెకు క్రొత్త గొంగడి కొనియిచ్చితిని. ముదుకతనము చాలదని ఇప్పటికిని సణుగుచున్నది.

పెద్దలారా, తడవైనది. తలుపు సందు కొంచెము తెఱచియుంచుకొని, వెచ్చగా కప్పుకొని సుఖముగా నిద్రింపుడు. సెలవు.